రబ్బరు కింద దాచిన చప్పుడు

ఇన్నేళ్లూ ఈ మాట నా కడుపులోనే ఉంది. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నేను ఒక మంచివాడి ఆట చంపాను.

ఏలూరులో గుమాస్తా ఉద్యోగం నాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆఫీసు అవగానే క్లబ్బుకి పోయి టేబుల్ టెన్నిస్ ఆడేవాణ్ణి. డబుల్స్‌లో నా జోడీ రాజుగారు, పెదపాడులో బడి పంతులు. ఆయన ఆట చూడ్డానికి క్యారమ్స్ వాళ్లు కూడా బోర్డు వదిలేసి వచ్చేవారు. నా ఆట అంతంతమాత్రం. నాకు చేతనైందల్లా బ్యాట్లు చెయ్యడం. పల్చటి చెక్క పొరల మధ్య ఫైబర్ గుడ్డ పెట్టి, జిగురు రాసి, పైన బియ్యం బస్తాలెత్తి ఆరనిచ్చేవాణ్ణి. ఆ గుడ్డ కొల్లేరు పక్కన పడవలు బాగుచేసే షెడ్డులో మిగిలిన ముక్క. ఆరాక, కుండ కొనేటప్పుడు చూసినట్టు, వేలితో కొట్టి వినాలి. టంగుమంటే మంచి బ్యాటు.

ఉద్యోగుల జిల్లా జట్టుకి ఎంపిక తాడేపల్లిగూడెంలో పెట్టారు. రాజుగారి పాత బ్యాటు పిడి దగ్గర చీలిపోయింది. కొత్తది నన్నే చెయ్యమన్నారు. ఆయన గుప్పిట కొలత చూసుకుని ఎంతో ఇష్టంగా పిడి చెక్కాను. ఆ వారంలోనే ఎవరో చెప్పారు, ఇకమీదట ఆయన డబుల్స్ ఆడేది బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆయనతోనని. నాకు ఒళ్లు మండింది. కోపమనుకుంటే తేలిక. నిజానికి భయం. ఆయన పక్కన తప్ప ఆ క్లబ్బులో నాకు చోటెక్కడిది?

అప్పుడు ముసురు పట్టింది. జిగురు సరిగా ఆరలేదు. వేలితో కొడితే నడిమధ్య ఒకచోట చచ్చు చప్పుడు. లోపల ఫైబర్ అంటుకోలేదు. చెప్పి ఉంటే ఆయన ఎవరిదో బ్యాటు అరువడిగేవారు. అంతేకదా? నేను అదేచోట ఇంకోసారి కొట్టి విన్నాను. విని, రెండువైపులా రబ్బరు అతికించాను. రబ్బరు వేశాక లోపలి చప్పుడు ఎవరికీ తెలియదు. పొరపాటున జరిగిందని చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. పొరపాటైతే ఇంకోసారి ఎందుకు విన్నట్టు?

ముందురోజు సాయంత్రం ఇచ్చాను. గూడెంలో ఆయన కొట్టిన బంతి కొట్టినట్టే నెట్‌లో పడింది. మొదటి ఆటలోనే ఓడిపోయారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు.

"ఏవండీ, ఇంత మంచి బ్యాటు చేసిచ్చారు. మీ కష్టం వృథా చేశాను. నా చెయ్యి పోయిందండీ."

అక్కడ చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"వయసండీ," అన్నాను. "అందరికీ వచ్చేదే."

ఆయన తలూపారు. ఆయనకి నలభై కూడా లేవు.

ఆ బ్యాటు కన్నా ఆ మాటే పెద్ద పాపమనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన క్లబ్బుకి రాలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. బల్ల సగం ఎత్తి గోడలా నిలబెట్టి, దానికి కొట్టుకుంటూ ఒక్కణ్ణే ఆడేవాణ్ణి. ఎవరి పక్కన చోటు పోతుందని ఇదంతా చేశానో ఆ మనిషే పక్కన లేరు. ఏం బాగుపడ్డాను?

మొన్నామధ్య బజారులో కనబడ్డారు. ఆ బ్యాటు ఇప్పటికీ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నారట. అంత మంచి వస్తువు చేతకాని చేతిలో పాడవకూడదని. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాను.

ఆ రబ్బరు ఊడదీసి వేలితో ఒక్కసారి కొడితే ఆయనకే తెలుస్తుంది. ఆయన ఊడదియ్యరు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఈ జన్మకి రాదేమో. క్షమించమనీ అడగను. ఆయనకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, అంతే.

ఆయన చెయ్యి బాగానే ఉండేది.