సైదాబాద్ ఇంట్లో ఆరి వెలిగిన బాక్స్

2022లో నేను సైదాబాద్, చంపాపేట్, కొత్తపేట ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం, తెగితే అతకడం, ఇంట్లో బాక్స్ బిగించడం నా పని. ఆ బాక్స్‌ను మేం ఓఎన్‌యూ అంటాం. ఫైబర్‌లో వచ్చే వెలుగును ఇంటర్నెట్‌గా మార్చేది అదే.

ఫైబర్ తెగినా, కరెంటు పోయినా నెట్ ఆగుతుంది. ఏది జరిగిందో మా ఆఫీసు కంప్యూటర్‌కు తెలుస్తుంది. కరెంటు పోయిన క్షణంలో బాక్స్ తనలో మిగిలిన కాస్త శక్తితో ఒక ఆఖరి సంకేతం పంపి ఆరిపోతుంది. దాన్ని ‘డైయింగ్ గ్యాస్ప్’ అంటారు. కొన ఊపిరి అన్నమాట. రోజూ బోలెడు వస్తాయి, పెద్దగా పట్టించుకోం.

ఒక మంగళవారం పొద్దున, ఆఫీసులో స్క్రీన్ చూసే శ్రీలత ఫోన్ చేసింది.

“అన్నా, సైదాబాద్‌ల అండాలక్క బాక్స్ ఆఫ్ అయితుంది, ఆన్ అయితుంది. పక్కిండ్లల్ల కరెంట్ మంచిగనే ఉంది. ఆమె ఫోన్ స్విచ్ ఆఫ్ వస్తుంది. జర చూసి రా.”

అండాలక్కది పోచంపల్లి. యాభై ఏళ్లుంటాయి. ఒక్కతే కిరాయికి ఉంటూ, ఊరి నుంచి తెప్పించిన చీరలు వీడియోలో చూపించి అమ్మేది. నెట్ ఐదు నిమిషాలు ఆగినా ఫోన్ చేసే మనిషి.

వెళ్లేసరికి మొదటి అంతస్తులో ఆమె తలుపు మూసి ఉంది. లాగితే దానంతటదే పడే తాళం అది. కింద ఉండే ఇంటి ఓనరు రావుగారు పైకొచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి.

“ఆవిడ ఊరెళ్లినట్టున్నారండీ. వెళ్తానని మొన్న అన్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి అలికిడి లేదు.”

శ్రీలతకు ఫోన్ చేశాను. “ఇప్పుడెట్లుంది?”

“ఆన్ ఉందన్నా.” కాసేపాగి, “ఆఫ్ అయింది,” అంది.

కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. పరదా సందులోంచి చూశాను. హాల్లో ఎవరూ లేరు. ఎదురు గోడ మీద బాక్స్ ఆరిపోయి ఉంది. నేను చూస్తుండగానే దాని దీపాలు వెలిగాయి. లోపల నీడ కూడా కదల్లేదు. మళ్లీ ఆరాయి. పట్టపగలు, వీధిలో కూరగాయల బండివాడు అరుస్తూనే ఉన్నాడు. అయినా అక్కణ్నుంచి వెళ్లిపోవాలనిపించింది.

“లూజు కనెక్షనేమోనండీ,” అన్నారు రావుగారు. అంటూనే ఒక మెట్టు కిందికి దిగారు.

రెండో తాళంచెవి ఉందా అని అడిగాను.

“ఉంది గానీ, ఆడమనిషి ఇల్లు. ఆవిడ లేకుండా ఎలా తెరుస్తామండీ?”

నేను కిటికీకి నోరు ఆనించి పిలిచాను. “అక్కా, నెట్ శ్రీనుని. లోపట ఉన్నవా?”

దీపాలు మళ్లీ వెలిగాయి.

“అక్కా, బాక్స్ బంద్ చేస్తున్నది నువ్వేనా? నువ్వే అయితే ఇప్పుడు బంద్ చెయ్యి.”

దీపాలు ఆరిపోయాయి.

రావుగారు తాళంచెవి కోసం పరుగెత్తారు.

అండాలక్క సరిగ్గా కిటికీ కిందే, మాకు కనపడని గోడ వారన పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది, మాట రావడం లేదు. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. ఎడమ చెయ్యి నేల మీద, బాక్స్ వైరు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ మీద ఉంది. మమ్మల్ని చూశాక కూడా ఆ వేలు నొక్కుతూనే ఉంది. నేనే మెల్లగా తీశాను.

అంబులెన్స్‌లో దవాఖానకు తీసుకెళ్లాం. పక్షవాతం అన్నారు. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసులో ఆ బాక్స్ పంపిన సంకేతాల లాగ్ తెరిచాను. మొదటి డైయింగ్ గ్యాస్ప్ ముందు రోజు సాయంత్రం నాలుగింటిది. దాని పక్కన ‘అడాప్టర్ సమస్య, క్లోజ్’ అని, అంటే ఇక చూడాల్సిందేమీ లేదని, ఉంది. రాసింది నేనే. ఇంకెవరింటి మెట్ల మీదో కూర్చుని, ఆమెకు ఒక్క కాల్ కూడా చేయకుండా, నా ఫోన్‌లోంచి రాసి మరిచిపోయాను. దాని కింద, ఆఫీసులో ఎవరూ లేని రాత్రంతా, పొద్దున నేను వెళ్లేదాకా ఎంట్రీలు ఉన్నాయి.

మూడు నెలలకు ఆమెకు మాట కొంచెం వచ్చింది. చంపాపేట్‌లో చెల్లెలింట్లో ఉందంటే వెళ్లి, నేను క్లోజ్ చేసిన సంగతి చెప్పేశాను.

“బాక్స్ ఆరితే మీకు కనబడుతదని నాకేం ఎరుక? చేతికి అందింది గా స్విచ్చొక్కటే,” అంది ముద్దముద్దగా. ఎడమ చేత్తో మూతి తుడుచుకుని, “ఎవలో ఒకలు ఒస్తరనుకున్న. తెల్లారేదాక గట్లనే అనుకున్న,” అంది.

తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పటి నుంచి కస్టమర్ గొంతు వినకుండా అలాంటి ఒక్క సంకేతాన్ని కూడా క్లోజ్ చేయలేదు. ఫోన్ ఎత్తకపోతే వెళ్లి తలుపు కొడతాను. “నెట్ మంచిగనే ఉంది గదా, ఏం పని మీకు?” అని విసుక్కుంటారు. ఆ విసుగు విన్నాకే ‘క్లోజ్’ అని రాస్తాను.