పూతవేళ పాదాలు

మామిడి పూతకు వచ్చిందంటే శ్రీమన్నారాయణ చెప్పులు తోట గట్టునే ఆగిపోయేవి. పూసిన చెట్టు నిండుచూలాలితో సమానమనీ, ఆమె ముందు చెప్పుకాలితో నడవరాదనీ ఆ ఇంట మూడు తరాలుగా వస్తున్న కట్టుబాటు. రెడ్డిగూడెం శివారులోని ఆ నాలుగెకరాలే అతనికి పొలమూ గుడీను. యాభై నాలుగేళ్ల వయసులో తెల్లవారకముందే లేచి, మంచుకు తడిసిన ఒక్కొక్క మానునూ అరచేత తాకుతూ, పెదవులపై దేవుడి నామంతో తిరగడమే అతని జపం.

ఆ మాఘమాసంలో ఆ నడక వింతగా మారింది. నేల కాలికి తగలడం మానివేసింది. దూదిపరుపుపై నడుస్తున్నట్టు, పొగమంచే తనను ఎత్తి మోస్తున్నట్టు తోచేది. తేనెటీగల రొద తన లోపలినుండే వినవచ్చేది. ఇన్నాళ్ల జపం ఫలించి ఒళ్లు తేలికపడిందని నమ్మాడు. ఒళ్లు నిజంగానే తేలికపడింది. చొక్కాలు వదులయ్యాయి, పొద్దస్తమానం దాహం. భార్య లలిత అవన్నీ గమనిస్తూనే ఉన్నది.

“ఒకసారి మైలవరం వెళ్లి రక్తపరీక్ష చేయించుకుందామండీ.”

“కోతలు కానివ్వు. పూత మీదున్న తోటను వదిలి ఎక్కడికి రాను?”

“చెట్టుకి ఆకు ముడుచుకుంటే నూజివీడు పరుగెత్తి మందు తెస్తారు. మీరు ముడుచుకుపోతుంటే నేనెవరికి చెప్పుకోవాలి?”

అతడు నవ్వి తోటదారి పట్టేవాడు. మందులు మింగితే ఆ తేలికదనం కాస్తా పోతుందేమోనని అతని భయం. ఆ మాట ఆమెతో చెప్పలేదు.

ఒకనాటి ఉదయం తోటనుండి వచ్చి వరండాలో కూర్చున్నాడు. కాఫీ తెచ్చిన లలిత గ్లాసు చేతనే పట్టుకుని నేలను చూస్తూ నిలిచిపోయింది. అప్పుడే తుడిచిన గచ్చుపై, మెట్టునుండి కుర్చీదాకా, ఎర్రని అడుగులు. ఎడమకాలివి మాత్రమే.

“కాలెత్తండి.”

అరికాలిలో తుమ్మముల్లు విరిగి దిగబడి ఉంది. ఆమె పట్టి లాగింది. అతని కాలికి మాత్రం ఏమీ తెలియలేదు.

“నొప్పి లేదా?”

“లేదు.”

“ఎన్నాళ్లనుంచి ఇలా?”

“దేవుడి దయ అనుకున్నాను,” అన్నాడు మెల్లగా.

“ముల్లు కూడా తెలియనివ్వని దయ ఏం దయండీ? లేవండి, బస్సు వేళైంది.”

షుగరు చాలాకాలంగా ఉన్నదనీ, అరికాళ్ల నరాలు మొద్దుబారాయనీ మైలవరంలో డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఆలస్యమై పుండు ముదిరితే కాలికే ముప్పు వచ్చేదట. మందులకూ తిండి కట్టడికీ తలూపినవాడు, ఇకపై చెప్పులు లేకుండా ఎక్కడా అడుగు వేయరాదన్నప్పుడు మాత్రం “పూత దిగేదాకా...” అని గొణిగాడు.

“కాయ దిగేనాటికి కాలుండాలిగా,” అన్నది లలిత.

పుండు ఆరడానికి పక్షం పైన పట్టింది. కొమ్మల చివర ఇంకా పూత మిగిలి ఉన్న ఒక వేకువన అతడు తోటకు వెళ్లాడు. గట్టు దగ్గర పాదం అలవాటుగా చెప్పులోనుండి జారబోయింది. ఆగి, గట్టుమీదనే కూర్చున్నాడు. ఒక్కొక్క పాదాన్నీ ఒడిలోకి తీసుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు వేళ్ల సందులూ మడమలూ తడిమి చూసుకున్నాడు. ఇన్నేళ్లు తనను మోసిన పాదాలను అంతసేపు చూడడం అదే మొదలు. పిల్లవాడి ఒళ్లు నిమిరినట్టు నిమురుతుండగా జపం తనంతట తానే పెదవిపైకి వచ్చింది. మంచు కరిగేదాకా అలాగే ఉండిపోయాడు.

పిదప చెప్పులు తొడుక్కుని, మొదటి చెట్టు ముందు చేతులు జోడించి, “తప్పు కాయమ్మా,” అంటూ లోపలికి నడిచాడు.