ఐదో గడిలో ఎవరు?

నాలుగేళ్ళపాటు ఒక జపాన్ కార్ల కంపెనీ అమెరికా ఆఫీసులో పనిచేశాను. ఏ కంపెనీయో చెప్పను. మనవాళ్ళు కొన్నరోజే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే కార్లలో వాళ్ళవీ ఉన్నాయి, అంతవరకు చాలు. కారు తయారీతో నాకేం సంబంధం లేదు. ఓడల్లో దిగిన వైపర్లు, రబ్బరు మ్యాట్లు, అద్దాల తొడుగులు ఏ వేర్‌హౌస్‌కి ఏ రోజు వెళ్ళాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దానికి కాపలా కాయడం నా పని. పేరుకి సీనియర్ లీడ్. మెడలో వేలాడేది మాత్రం నారింజ రంగు బ్యాడ్జి.

నీలం బ్యాడ్జి అంటే కంపెనీ మనిషి, నారింజ అంటే కాంట్రాక్టర్. పుట్టినరోజు కేకు నీలం వాళ్ళు కోసేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ కంపెనీ కారున్నవాళ్ళకి తలుపు దగ్గర పార్కింగు, నాలా వేరే కంపెనీ పాత డొక్కు నడిపేవాళ్ళకి మొక్కజొన్న చేను పక్కన. పొద్దున్నే అంత దూరం నడిచొచ్చి, గుండ్రంగా నిలబడి, కస్టమర్ సంతోషం గురించి ఒక వాక్యం అందరితోపాటు చదవాలి. నేను గట్టిగానే చదివేవాణ్ణి. ఎందుకంటే ఆ ఏడాది నాకు నీలం ఇస్తామన్నారు. నీలం వస్తే గ్రీన్ కార్డ్ కంపెనీయే ఫైల్ చేస్తుంది. దానికోసం ఇంకా గట్టిగా చదవమన్నా చదివేవాణ్ణే.

ఆ కంపెనీకి ఒక మతం ఉంది. ఏదైనా తప్పు జరిగితే ఐదు గడులున్న ఒక షీట్ ఇస్తారు. మొదటి గడిలో ఎందుకు జరిగిందో రాయాలి. రెండో గడిలో ఆ కారణం ఎందుకొచ్చిందో రాయాలి. అలా ఐదుసార్లు ఎందుకు ఎందుకు అని తవ్వుకుంటూ పోతే అసలు కారణం బయటపడుతుంది. దానికొక నియమం కూడా ఉంది. ఐదో గడిలో మనిషి పేరు ఉండకూడదు. మనుషులు తప్పులు చేస్తూనే ఉంటారు, ఆ తప్పుకి దారి వదిలిన పద్ధతేదో అక్కడ రాయాలి. ఈ మాటని జపాన్ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ ఫ్రేమ్ కట్టి ముందు హాల్లో తగిలించారు. చేరిన కొత్తలో అది చదివి నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. బస్సు ఆగిపోతే డ్రైవర్ని, కరెంటు పోతే లైన్‌మన్‌ని తిట్టడం తప్ప ఇంకో పరిశోధన చూసి ఎరగనివాణ్ణి మరి.

తర్వాత తెలిసింది అసలు సంగతి. ఎందుకులు మెట్లెక్కుతాయి. మూడో మెట్టు మీద మేనేజర్ గది కనబడగానే వాటికి ఆయాసం వస్తుంది. అక్కణ్ణుంచి చప్పుడు చేయకుండా వెనక్కి దిగి, నారింజ బ్యాడ్జీల వరసలోకి వచ్చి కూర్చుంటాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారే, మా ఆఫీసులో ఆ పంపకం లేదు, పిడికెళ్ళన్నీ ఒకరి ఒళ్ళోనే. ఐదో గడిలో పేరు పడ్డ కాంట్రాక్టర్ రెండు వారాలు దాటితే కనిపించేవాడు కాదు. ఫ్రేమ్ మాత్రం రోజూ తుడిచేవారు.

మా టీమ్‌లో వరంగల్ వైపు అమ్మాయి ఒకామె ఉండేది. మాస్టర్స్ అయిపోయాక ఇదే మొదటి ఉద్యోగం. నన్ను అన్నా అని పిలిచేది. ఈ ఉద్యోగం పోతే ఆమెకి లెక్కపెట్టిన రోజులే, ఆలోపు ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. నాకీ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు, నేనూ ఆ దారినే వచ్చినవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను కాల్‌లో ఉండగా నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చలికాలం మ్యాట్లు, అంటే బూట్ల మంచు కారులో కారకుండా వేసే రబ్బరువి, వాటిని పంపే తేదీ సిస్టమ్‌లోకి చేత్తో ఎక్కించాలి, ఏం కొట్టమంటారని అడిగింది. నేను ఫోన్ మ్యూట్ చేసి, "ఏడు తొమ్మిది కొట్టెయ్" అన్నాను.

నా ఉద్దేశం సెప్టెంబర్ ఏడు. పదకొండేళ్ళుగా అమెరికాలో ఉన్నా తెలుగులో తేదీ చెబితే నా నోట్లో రోజే ముందొస్తుంది. ఇంగ్లిష్‌లో అడిగుంటే సెప్టెంబర్ సెవెంత్ అనే ఏడ్చేవాణ్ణి. ఆ పిల్ల వచ్చి రెండేళ్ళే అయినా ఇక్కడి పద్ధతి బుద్ధిగా నేర్చుకుంది, ఇక్కడ నెల ముందు. ఏడు, గీత, తొమ్మిది అని కొట్టింది. సిస్టమ్ దాన్ని జులై తొమ్మిదిగా తీసుకుంది. సిస్టమ్‌దీ తప్పు కాదు, పిల్లదీ తప్పు కాదు.

జులైలో కోడిగుడ్డు రోడ్డు మీద కొడితే ఆమ్లెట్ అయ్యే ఎండలో, మంచు మ్యాట్లు లారీలకి లారీలు వేర్‌హౌస్‌లో దిగాయి. కప్పుదాకా పేర్చారు. వాటివల్ల చోటు లేక, ఆ నెల జనానికి నిజంగా కావలసిన ఏసీ ఫిల్టర్లు బయట ట్రక్కుల్లోనే ఉండిపోయాయి. డీలర్లు గగ్గోలు పెట్టారు. వేర్‌హౌస్ నుంచి ఫోటోలు వచ్చాయి, కింద ఒక్క వాక్యం, ఈ వారం ఏమైనా మంచు పడే సూచన ఉందా అని.

ఆ ఫోటో చూడగానే నాకు ఏప్రిల్ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆమెకీ గుర్తుంది. కాఫీ మెషీన్ దగ్గర నన్ను పట్టుకుని మెల్లగా, "అన్నా, గా రోజు మీరు ఏడు తొమ్మిది అన్నరు గదా, నేను గదే కొట్టిన" అంది.

తెలుసమ్మా, నేను చూసుకుంటా, నువ్వేం టెన్షన్ పడకు అన్నాను. ఆ నిమిషాన నిజంగానే అన్నాను.

లీడ్‌ని కాబట్టి షీట్ నాకే వచ్చింది. మొదటిసారి నియమం ప్రకారమే రాశాను. మ్యాట్లు ముందే ఎందుకొచ్చాయి, తేదీ తప్పు పడింది కాబట్టి. ఎందుకు పడింది, అంకెలు తారుమారు అయ్యాయి కాబట్టి. అలా పోయి పోయి ఐదో గడిలో, తేదీ కొట్టాక నెల పేరు అక్షరాల్లో చూపించే ఏర్పాటు స్క్రీన్ మీద లేదు అని రాశాను. నా నోటి సంగతి అందులో లేదు, ఒప్పుకుంటాను. కానీ అబద్ధం కూడా లేదు.

మా మేనేజర్ అమెరికన్, భుజం మీద చెయ్యేసి తప్ప మాట్లాడడు. షీట్ చాలా బాగుందన్నాడు. బాగుందంటే తిప్పి పంపుతున్నాడని అర్థం. స్క్రీన్ మార్చాలంటే జపాన్‌ని అడగాలి, జపాన్ అడిగితే పోయినేడు ఆ స్క్రీన్‌కి సంతకం పెట్టిందెవరని అడుగుతుంది, పెట్టింది తనే. అందుకని ఇంత లోతుకి తవ్వక్కర్లేదన్నాడు. తేదీ కొట్టిన మనిషెవరో రాస్తే, ట్రైనింగ్ లోపం అని చూపించి మూసేయొచ్చట. వెళ్తూ వెళ్తూ, నా నీలం బ్యాడ్జి కాగితాలు తన టేబుల్ మీదికి వచ్చాయని చెప్పాడు. ఆ మాటకీ ఈ మాటకీ సంబంధం లేనట్టే చెప్పాడు.

మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు. మొత్తింది మేనేజర్ అని చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది కానీ, కీబోర్డు మీద వేళ్ళు నావి. ఐదో గడిలో ఆమె పేరు కొట్టాను. ట్రైనింగే కదా, అంతకంటే ఏమీ కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు వారాలు దాటాక ఏమవుతుందో ఆ అంతస్తులో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

గురువారం మీటింగులో షీట్ పెద్ద తెర మీద వేశారు. మేనేజర్, నేను, ఆ అమ్మాయి, జపాన్ నుంచి వచ్చిన సలహాదారు. ఆయన పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. అంతా చదివి, ఐదో గడిలో పేరు ఇంకోసారి చదివాడు. నన్ను అడగలేదు, మేనేజర్ని అడగలేదు. ఆ అమ్మాయి వైపు తిరిగి, ఈ షీట్‌లో తప్పేమైనా ఉందా అని ఇంగ్లిష్‌లో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగాడు.

ఆమె ఒక్క వాక్యం చెబితే చాలు, నా పని అయిపోతుంది. చెప్పకపోతే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఛీ, ఇన్నేళ్ళయినా ఆ దండం తలచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

ఆమె తెర చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నెమ్మదిగా తెలుగులో అంది.

"అన్నా, నా పేరుల ఒక అక్షరం తప్పు కొట్టిన్రు."

సలహాదారు నావైపు తిరిగి, ఏమంటోందని అడిగాడు. పేరు స్పెల్లింగ్‌లో చిన్న తప్పుందంటోందని చెప్పాను. అంతేనా అని మళ్ళీ అడిగాడు. అంతే అన్నాను. మేనేజర్ నవ్వి, అయితే ఇప్పుడే దిద్దెయ్యమన్నాడు. ముగ్గురూ తెర మీద చూస్తుండగా ఆ అక్షరం దిద్దాను. మిగతాదేమీ ముట్టుకోలేదు.