గడ్డపారకు దూప

ఆ వైరు మనిషిని చంపగలదని నాకు తొమ్మిది రోజుల ముందే తెలుసు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను, పెన్సిల్ బొమ్మతో సహా.

ఆ వేసవిలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. అమ్మ వాళ్ళ మహిళా సంఘానికి విస్తరాకుల మిషన్ వచ్చింది. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు అడ్డాకుల కట్టలు తెచ్చిస్తే, సంఘం వాళ్ళు వాటిని పుల్లలతో కుట్టేవాళ్ళు. కుట్టిన విస్తరిని తడిపి, మిషన్‌లో ఇనుప అచ్చు కింద పెట్టి నొక్కితే అంచు లేచి కంచంలా తయారయ్యేది. ఆ అచ్చు కరెంటుతోనే వేడెక్కాలి. మిషన్ పెట్టడానికి మా పెరటి చివరి రేకుల కొట్టం ఒక్కటే దొరికింది. దానికి కరెంటు లేదు. ఇంటికీ దానికీ మధ్య అరవై అంగల దూరం.

నాన్న పోయాక మా ఇంటికి పెద్ద మగదిక్కు బాబాయే. బోరు మోటార్లు బాగుచేస్తాడు. కరెంటు లాగే పని తన మీద వేసుకున్నాడు. ఇంట్లో ఉన్న వైరు చుట్ట విప్పి కొలిస్తే కొట్టం దాకా ఒక్కసారికే సరిపోయింది. కరెంటు పోవడానికి ఒక వైరు, తిరిగి రావడానికి ఇంకొకటి కావాలి కదా అనుకున్నాను. బాబాయి అట్లా అనుకోలేదు.

"ఒక్కటి చాలు వదినా. రెండోది భూమిల నుంచి తీస్తా. చేన్ల కాడ అందరం గట్లనే చేస్తం."

కొట్టం పక్కన మా గడ్డపారను సగం పైదాకా నేలలోకి దిగ్గొట్టాడు. మిషన్ నుంచి వచ్చే రెండో వైరు కొసను దాని మెడకు చుట్టాడు. గడ్డపార మొదట్లో ఉప్పు పోసి, బిందెడు నీళ్ళు పోయించాడు. ఇంట్లో బోర్డుకు ఫ్యూజు పెట్టగానే కొట్టంలో అచ్చు వేడెక్కింది. సంఘం ఆడవాళ్ళు సంబరపడ్డారు. అమ్మ ముఖం అంత వెలగడం నాన్న పోయాక అదే మొదలు.

నేల ఆరితే అచ్చు చల్లబడేది. అప్పుడు అమ్మ కొట్టంలోంచి కేకేసేది.

"బిడ్డా, గడ్డపారకు దూపైతుంది!"

నేను ఉప్పునీళ్ళ బకెట్ మోసుకుపోయి దాని మొదట్లో పోసి, దాని దాహం తీర్చి వచ్చేదాన్ని. మూడో రోజు తడినేల మీద అడుగు పెట్టగానే అరికాళ్ళలో జివ్వుమంది. అప్పటినుంచి దూరంగా నిలబడి విసురుగా పోసేదాన్ని. కోళ్ళు కూడా అటు పోవడం మానేశాయి. ఆకులు కుట్టే అత్త ఒకామె బాబాయిని అడిగేసింది.

"ఏమయ్యా, నీ గడ్డపార కాడ కాళ్ళు జుమ్మంటున్నయేంది?"

"మంచిదే కదక్కా, మోకాళ్ళ నొప్పులు పోతయ్. దవాఖానాకు పోయే పని తప్పింది నీకు."

అందరూ నవ్వారు. "అది ఎర్తు వైరు. దాంట్ల కరెంటు ఉండదు. చంటిపిల్ల పట్టుకున్నా ఏం గాదు," అని కూడా చెప్పాడు.

ఆ రోజే నా ఫిజిక్స్ పుస్తకం తీసి డైరీలో బొమ్మ గీశాను. ఇంటి బోర్డు, వైరు, మిషన్, గడ్డపార, భూమి, ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్, మళ్ళీ ఇంటి బోర్డు. గీత గుండ్రంగా తిరిగి కలిసింది. తర్వాత గడ్డపార దగ్గర రబ్బరుతో కొంచెం చెరిపాను. చెరిపినా కరెంటు పోదు. మిషన్ దాటి వచ్చి, ఆ తెగిన కొసలో కాచుకొని ఉంటుంది. కింద ఇట్లా రాశాను: ఆ కొసను పట్టుకున్నవాళ్ళే గడ్డపార అవుతారు.

బాబాయికి చెబుదామని మాటలు కూర్చుకొని వెళ్ళాను. అన్నం తింటున్నాడు. తలుపు పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో.

"ఏందమ్మా, ఏమన్న చెప్పాల్నా?"

"మజ్జిగ పొయ్యాల్నా బాబాయ్?"

"చూడు వదినా, కలెక్టరమ్మ నోరు తెరిచింది. అదీ మజ్జిగ కోసం!"

అమ్మకు చెబితే మిషన్ ఆగిపోతుంది. నేను అనుకున్నది తప్పయితే ఉత్త పుణ్యానికి ఆపించిన దాన్నవుతాను. పుస్తకంలో గడ్డపార బొమ్మ లేదు కదా. అందుకని నాకు నేనే ఒక కాపలా పెట్టుకున్నాను. రోజంతా వరండాలో పుస్తకం తెరిచి కూర్చొని, వైరు చుట్టు వదులైందా అని చూసేదాన్ని. ఎనిమిది రోజులు చూశాను. చూస్తూ ఉంటే చెప్పినట్టే అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పక్కింటి తాత వచ్చాడు. వాళ్ళింట్లో పెళ్ళి. పందిరి గుంజలకు గుంతలు తీయాలి, గడ్డపార కావాలి. కొట్టం దగ్గరికి పోయి దాన్ని చూసి పకపకా నవ్వాడు.

"ఏంది కోడలా, మీ మరిది గడ్డపారకు పుస్తె కట్టిండా?"

"కట్టిండు మామా," అమ్మ కూడా నవ్వుతూ బయటికి వచ్చింది. "జర ఆగు, ఇప్పి ఇస్తా. జల్దీ తెచ్చియ్యి."

కొట్టంలో అచ్చు వేడి మీద ఉంది. అమ్మ చేతులు ఆకుల తడితో ఉన్నాయి. కాళ్ళకు చెప్పులు లేవు. గడ్డపార పక్కన తడినేల మీద కూర్చొని వైరు చుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, ముట్టుకోకు" అంటే చాలు. నోరు తెరిచాను. కుట్టే ఆడవాళ్ళలో ఒకరిద్దరు తలెత్తి నా వైపు చూశారు. మాట బయటికి రాలేదు.

ఇంట్లోకి ఉరికాను. బోర్డు నాకు అందే ఎత్తులో లేదు. బియ్యం డబ్బా ఎక్కితే మూత జారింది. కింద పడి, మళ్ళీ ఎక్కాను. బయట ఎవరో కెవ్వుమన్నారు. అది అమ్మ గొంతు కాదు. అమ్మ గొంతు అసలు వినిపించలేదు. ఫ్యూజును రెండు చేతులతో పట్టి పీకాను.

పోయేసరికి అమ్మ బురదలో వెల్లకిలా పడి ఉంది. తాత అమ్మను పట్టుకోబోయిన చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు నల్లగా కమిలిపోయాయి. నేను తల పట్టి లేపాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

"అచ్చు కింద విస్తరి ఉంది. మాడుతదేమో చూడు," అంది.

ఏన్కూరు దవాఖానాలో చేతికి కట్టు కట్టి, సాయంత్రానికి పంపించారు. బాబాయి అప్పటికే వైరు మొత్తం పీకి చుట్ట చుట్టి మూల పడేశాడు. నేను అమ్మకు అన్నం కలిపి పెడుతుంటే గడపలో కూర్చున్నాడు.

"అందరు వదిన దిక్కు ఉరికితే నువ్వొక్కదానివే బోర్డు దిక్కు ఉరికినవట. నీకు ముందుగాల ఎరుకనా?"

నా చేతిలో ముద్ద ఉంది. లేదన్నట్టు తల ఊపాను.

అమ్మ ఆ ముద్ద తిని, ఎడమ చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"నీకు ఎరుకుంటే నాకు చెప్పకుండ ఉంటవా బిడ్డా."