పక్కింటి మామ్మ క్యాసెట్

నా చిన్నప్పుడు సగం తెలుగు, సగం ఇంగ్లిషు కలిపి నేను చేసిన ప్రార్థనలను కూడా విసుక్కోకుండా విన్న దేవునికి స్తోత్రం. ఆయన విసుక్కోలేదు గాని నేను చాలా విసుక్కున్నాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి నిండా ఉన్నది నా విసుగే. దాని మధ్యలోంచే ఆయన నాకొక పాఠం నేర్పాడు కనుక దాచకుండా చెబుతున్నాను.

అప్పుడు మేము అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. రెండువేల నాలుగో, ఐదో. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆరు దాటేది. అందుకని నేను స్కూలు బస్సు దిగి నేరుగా పక్కింటి మామ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆమెది స్లొవాకియా దేశం. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. నన్ను ‘జ్లత్కో’ అని పిలిచేది. వాళ్ళ భాషలో బంగారం అని అర్థం. మా నాన్న కూడా నన్ను బంగారం అనే పిలిచేవాడు కాబట్టి ఆమె నాకు పరాయిదిగా తోచలేదు.

ఆమె దేశపు క్యాసెట్లు ఇక్కడి వీసీఆర్‌లో ఆడవు. వేస్తే బొమ్మంతా గీతలు గీతలుగా దొర్లిపోయేది. అందుకని ఎక్కడి నుంచో వేరే మెషీన్ తెప్పించుకుంది. తీరా అందులో ఆడే క్యాసెట్ ఆమె దగ్గర ఒక్కటే ఉంది. అది వాళ్ళ దేశంలో ఎప్పుడో తీసిన రాజుల కథ సినిమా. అక్కడ ఏటా క్రిస్మస్‌కి టీవీలో వేస్తారట, ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి కూర్చుని చూస్తారట. మామ్మ క్రిస్మస్ దాకా ఆగేది కాదు. రోజూ వేసేది. ఇంగ్లిషు అక్షరాలు కింద కనబడేవి కావు. నాకు ఒళ్ళు మండిపోయేది. పక్క వీధి పిల్లలు డీవీడీల్లో కొత్త కొత్త బొమ్మలు చూస్తుంటే నేను అర్థం కాని భాషలో అదే పిండిమర, అదే గుర్రం, అదే మంచు చూస్తూ కూర్చునేదాన్ని.

కథ ఆమే చెప్పింది. ఒక రాజకుమారుడికి చూపు పోతుంది. పిండిమర యజమానికి ఇద్దరు కూతుళ్ళు. చిన్నది మూగపిల్ల. అది మంచులో చెప్పులు లేకుండా కొండెక్కి, ఒక ఊట నుంచి ముంతలో మహిమ గల నీళ్ళు తెస్తుంది. మాట రాదు కాబట్టి ఆ ముంతను కోటలోకి పెద్దది తీసుకువెళ్తుంది. రాజకుమారుడికి చూపు వస్తుంది. పెద్దదే బాగు చేసిందని అందరూ దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. అప్పుడా పెద్దపిల్ల ఏడుస్తూ రాజుతో అంటుంది: “నెబొలా సొమ్ తొ యా, బొలా తొ మొయా సెస్త్రా.” నేను కాదు, మా చెల్లెలు, అని.

ఒకరోజు విసుగు పట్టలేక అడిగాను, చివర తెలిసిన సినిమా మళ్ళీ మళ్ళీ ఎందుకు చూడటమని. మామ్మ రిమోట్ తీసుకుని సౌండ్ తీసేసింది. “నువ్వు చెప్పు” అంది. పెద్దపిల్ల పెదవులు కదులుతుంటే నా నోట్లోంచి ఆ మాటలు వాటంతట అవే వచ్చాయి. ఏడుపు దగ్గర నా గొంతు కూడా వణికింది. నేర్చుకోకుండానే నాకు వచ్చేసింది! ఆమె చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఇంకా కోపం వచ్చింది. ఎందుకంటే అదే నెలలో మా తెలుగు క్రైస్తవ సంఘంలో, పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌కి ఒక పొడవైన కీర్తన కంఠతా చెప్పాలి. అమ్మ ఇంగ్లిషు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం రోజూ పట్టుకున్నా అది మాత్రం బుర్రకెక్కేది కాదు.

సెమీ క్రిస్మస్ ఆదివారం రానే వచ్చింది. అమెరికన్ల ఆరాధన ముగిశాక మధ్యాహ్నం వాళ్ళ గుడినే మేము అద్దెకు తీసుకునేవాళ్ళం. నాన్న కీబోర్డు వాయించేవాడు. నేను పట్టుపావడాలో స్టేజీ ఎక్కాను. రెండు వచనాలు చెప్పాను. మూడోది గాలికి పోయింది. ముందు వరుసలో అమ్మ పెదవులు కదిలిస్తోంది. ఆ కదిలే పెదవులను చూడగానే నా నోట్లోంచి వచ్చింది కీర్తన కాదు. పెద్దపిల్ల మాట. కన్నీళ్ళతో సహా వచ్చింది.

వెంటనే వెనకనుంచి ఎవరో “స్తోత్రం!” అన్నారు. “హల్లెలూయా! పసిబిడ్డ అన్యభాషలు మాట్లాడుతోంది!” అని హాలంతా లేచి నిలబడింది. పాస్టర్ గారు నా తల మీద చెయ్యి పెట్టారు. ఆత్మ నింపినప్పుడు నేర్చుకోని భాషలో మాట్లాడే ఆ అన్యభాషల వరం నిజమని నేను నమ్ముతాను, నా చెవులతో విన్నాను కూడా. కాని ఆ రోజు నాది అది కాదు.

“అంకుల్, అది మూవీలోది” అన్నాను. కీబోర్డు మోతలో ఎవరికీ వినబడలేదు. కిందికి దిగాక ఇద్దరు ఆంటీలకు చెప్పాను. “చూశావా వదినా, ఎంత తగ్గింపు మనసో!” అని ఒకరు బుగ్గ గిల్లారు. కార్‌లో నాన్నకి చెప్పాను. “డాడీ, ఐ ప్రామిస్, అది మామ్మ సినిమాలోది.” నాన్న కళ్ళు తుడుచుకుంటూనే, “సందేహపడకు బంగారం, దేవుడు దేన్నయినా వాడుకుంటాడు” అన్నాడు. ఇల్లు చేరగానే కాలింగ్ కార్డు గీకి కాకినాడలో నాయనమ్మకి ఫోన్ చేశాడు. నేను గది తలుపు ధడాలున వేసుకున్నాను. నిజం చెబుతుంటే ఎవరూ వినకపోవడమంత ఉక్రోషం మరొకటి లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. బుధవారం ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికకు పిల్లలు లేని ఒక ఆంటీ వచ్చింది. పెళ్ళై పదేళ్ళు. అందరి ముందూ నా ఎదుట మోకరించి నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. “నా కోసం అడుగు తల్లీ. నీ మాట ఆయన వింటాడు” అంది. అక్కడున్న పెద్దలు వచ్చే ఆదివారం నాచేత ఆ వరం గురించి సాక్ష్యం చెప్పిస్తామన్నారు. ఆ లోపల నిజం తేలకపోతే ఆమె నన్ను నమ్ముకుని ఉండిపోతుంది.

మర్నాడు మామ్మకి అంతా చెప్పాను. ముందు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తల మీద పెట్టుకున్న చెయ్యి సంగతి విన్నాక నవ్వు ఆపేసింది. లేచి మళ్ళీ ఆ క్యాసెట్టే పెట్టింది! నేను కేకలు వేశాను. ఆమె పట్టించుకోకుండా చివరి ఘట్టం దగ్గర ఆపి, వేలు పెట్టి చూపించింది. “జ్లత్కో, ఆ మాట ఎన్నిసార్లు అంటుందో లెక్కపెట్టు.”

లెక్కపెట్టాను. మూడుసార్లు. మొదటిసారి బాజాల మోతలో ఎవరూ వినరు. రెండోసారి రాజు నవ్వి, ఎంత వినయమోనంటూ మెడలో హారం వేస్తాడు. మూడోసారి ఆ పిల్ల గొంతు పెంచదు. బయటికి నడిచి వెళ్ళి, చలిలో నిలబడ్డ చెల్లెలి చెయ్యి పట్టుకుని రాజు ముందుకు తీసుకొస్తుంది. అప్పుడు చెబుతుంది. మంచుకు పగిలిన చెల్లెలి పాదాలు చూశాక రాజు లేచి నిలబడతాడు. నలభైసార్లు చూసిన సినిమాలో నేను ఆ పాదాలను చూడనే లేదు. మామ్మ గోడకు తగిలించిన కోటు వైపు చూసి, “ఆదివారం ఎన్ని గంటలకు?” అని అడిగింది.

ఆదివారం ఆమె చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కాను. ఆమె రాజులా గొంతు బొంగురుగా చేసుకుని తన భాషలో ప్రశ్న వేసింది. నేను పెద్దపిల్లలా జవాబిచ్చాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే జవాబు. తర్వాత అది సినిమాలో మాటేనని, దాని అర్థమేమిటో ఇంగ్లిషులో ఆమే చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక వరుసలో ఒక అన్న కిసుక్కున నవ్వాడు. నాన్న కీబోర్డు మీద చేతులు పెట్టుకుని తల వంచుకున్నాడు. పాస్టర్ గారు సంఘం వైపు తిరిగి, “ఈ బిడ్డ మనకు మొదటినుంచీ చెబుతూనే ఉందమ్మా, మనమే వినలేదు” అన్నారు.

పిల్లలు లేని ఆంటీ లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాను. కార్‌లో స్టీరింగు మీద తల పెట్టుకుని ఉంది. అద్దం కొట్టి సారీ చెప్పాను. ఆమె అద్దం దించింది. “అయినా సరే, అడుగు తల్లీ. నీకొచ్చిన భాషలోనే అడుగు” అంది. నేను సగం తెలుగులో, సగం ఇంగ్లిషులో అడిగాను. ఈసారి ఆ మాటలు నావే.

నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. క్రిస్మస్ నాడు మామ్మ పిలిస్తే వచ్చాడు. తేనె రాసిన పల్చటి అప్పచ్చులు తింటూ ఆ సినిమా అంతా చూశాడు. పాదాల ఘట్టం అయిపోయాక, “కొంచెం రివైండ్ చేస్తారా?” అని అడిగాడు. ఒక దేశమంతా ఏటేటా అదే సినిమా ఎందుకు చూస్తుందో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. ఆ కీర్తనను కూడా అలాగే, రోజూ చదివి, మరుసటి ఏడు ఈస్టర్‌కి తప్పు లేకుండా చెప్పాను.

ఇప్పుడు సండే స్కూల్లో పిల్లలు నన్ను ఆంటీ అంటున్నారు. మళ్ళీ అదే కథా అని వాళ్ళు విసుక్కుంటే నాకు కోపం రాదు. నా మాట ఎవరూ విననప్పుడు గొంతు పెంచబోయి ఆగుతాను, ఎవరి చెయ్యి పట్టుకుని తీసుకురావాలా అని వెతుకుతాను. ఆ ఆంటీకి మాత్రం బిడ్డ పుట్టలేదు. ఎందుకని ఇప్పటికీ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, నా విసుగు ఆయనకు తెలుసు. అడగమన్నది ఆమే కనుక నేను మానను. ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం ఆగి, ఆమె కోసం, ఆమెలా ఎదురుచూసి అలసిన వాళ్ళ కోసం నాతో కలిసి అడగండి. మీకొచ్చిన భాషలోనే అడగండి. ఆమేన్.