అచ్చమ్మ తొలికాపు

మా పెద్దమ్మ అచ్చమ్మకు మొండితనం జాస్తి. మోతె ఊర్ల అర ఎకరం వంకాయ తోట వాళ్లది. మా పెద్దనాయిన మత్తయ్య ఇరవై ఏండ్లు దానికి మందు కొట్టిండు. ఐదొద్దులకోసారి కొట్టకుంటే పురుగు కాయను దక్కనియ్యది. ఆఖరికి ఆయన ఊపిరే ఖరాబైంది. సూర్యాపేట దవాఖానల డాక్టరు కడాఖండిగ చెప్పిండు: "ఇగ మందు వాసన తగిలిందా, మనిషి దక్కడు."

ఇంటికొచ్చి పదొద్దులు గాలే, మళ్ల మందు పంపు ఎత్తుకున్నడు. తోటను సావనిస్తడా మరి!

అప్పుడు పెద్దమ్మ కొత్త విత్తనం కోసం మిర్యాలగూడ పోయింది. పత్తిల లెక్కనే వంకాయల గూడ పురుగును సంపే గుణం విత్తనంలనే ఎక్కించిన్రట, పక్క దేశంల పండిస్తున్నరట. మన దగ్గర పర్మిషన్ లేదు. అయినా ఆడ విత్తనాలమ్మెటోడు ఒకడు సాటుంగ ఇచ్చిండు. "తప్పు గదనే పెద్దమ్మా" అన్న.

"ఆయన దగ్గు రోజూ వినేది నువ్వా, నేనా?" అని నా నోరు మూయించింది.

ఆ పంటకు ఒక్క చుక్క మందు కొట్టలే. కొమ్మల కొసలు వాడితే ఎండకనుకున్నది. కాయలు మాత్రం నిగనిగలాడినయ్. "ఒక్కటి కోసి సూడరాదే" అన్న.

"దేవునికియ్యకముందే కత్తిపీట మీద పెడ్తనా? సిగ్గులేదా నీకు!"

మా ఇండ్లల్ల తొలికాపు చర్చికి పోయినంకనే ఎవరన్న ముట్టేది. ఆదివారం గంపెడు కాయలు మోసుకపోయింది. ఆరాధన అయినంక సంఘం భోజనానికి ఆడోళ్లు గాడనే కోసిన్రు. మొదటి కాయల పురుగు. రెండోదాంట్ల పురుగు. అందరు పెద్దమ్మ మొఖం సూసిన్రు. ఆ మిర్యాలగూడోడు ఉత్త మామూలు విత్తనం అంటగట్టిండు, వాని నోట్లె మన్నువడ!

పెద్దనాయిన అన్నం గూడ తినక ఇంటికొచ్చి పంపు కడుగుతున్నడు. పెద్దమ్మ ఉరికొచ్చి గుంజుకున్నది.

"తోట పోతదే, అచ్చమ్మా!"

"తోటను పోనియ్యను. నిన్ను గూడ పోనియ్యను. మందు గాలి తగలని దిక్కు, ఆ గట్టు మీద కూసో."

పంపు తనే వీపుకేసుకున్నది. మూతికి కొంగు సుట్టుకున్నది. నేను ఏడ్చిన, తిట్టిన. వింటదా! సాలెంబడి సాలు నడుసుకుంట పోయింది.

ఇది నిరుటి ముచ్చట. మొన్న ఆదివారం చర్చిల పాట నడుస్తుంటే పెద్దమ్మకు దగ్గు తెగలే. పెద్దనాయిన పాడుడు ఆపి ఆమె దిక్కే సూస్తున్నడు.