నోరు మూసుకొని చల్ల చిలికిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు అలసట తప్ప వేరే ఆస్తి లేదు. కొత్తగా పెళ్లయింది. ఎల్లారెడ్డి దగ్గర అత్తగారి ఊరి నుంచి కామారెడ్డిలోని ప్రైవేటు బడికి రోజూ బస్సులో నిలబడి వెళ్లి, నిలబడి పాఠం చెప్పి, నిలబడే తిరిగొచ్చేదాన్ని. ఆదివారమైనా కూర్చుందామనుకుంటే అత్తమ్మ కూర్చోబెట్టేది, కాకపోతే చల్లకుండ ముందు. ఆమెకో నియమం: కవ్వం తిరిగినంతసేపూ నోరు విప్పకూడదు, విప్పితే వెన్న అలుగుతుంది. (నాకు లేని తీరిక వెన్నకుండేది.)

ఒక ఎండాకాలపు ఆదివారం నేను చిలుకుతుండగా, అత్తమ్మ దుకాణానికి వెళ్లినప్పుడు పొరుగింటి పెద్దమ్మ వచ్చింది. వార్తలు మోస్తుందని ఊరంతా ఆమెను రేడియో పెద్దమ్మ అనేవారు. "ఏం బిడ్డా, మీ అత్త లేదా?" అంది. నేను పలకలేదు. "ఏం కూర వండినవ్?" అప్పుడూ పలకలేదు. వెన్న వచ్చాక చెబుతానన్నట్టు కవ్వం తాడు వదిలి చెయ్యి ఊపాను. ఆమె మొహం మాడ్చుకొని, చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయింది.

కాసేపటికి అత్తమ్మ విసురుగా వచ్చింది. "ఏందే, పక్కింటక్కను చెయ్యి ఊపి పొమ్మన్నవట! వాడకట్టంత చెప్తున్నది. నౌకరీ చేస్తున్నవని గింత గీరనా?" నేను కుండ వైపు చూపించాను. "మాట్లాడవేంది? నోట్లె ఏం పెట్టుకున్నవ్?" తన నియమం తనకే గుర్తులేదు. భుజాలు పీకుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాట్లాడితే ఎన్న రాదంటివి గద అత్తమ్మా!" అని అరిచాను.

"అయ్యో, మాట్లాడితివి!" అంటూ అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కుండకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇద్దరం దగ్గుతుంటే, ఏమైందోనని రేడియో పెద్దమ్మ ఉరికొచ్చింది. సంగతంతా విని, "జెర ముందుగాల చెప్పొద్దా బిడ్డా?" అంది. (ఎట్లా చెప్పను?) నన్ను లేపి, "పో, జెరసేపు పండుకో" అని తాడు అందుకుంది. రెండో కొస అత్తమ్మ పట్టుకుంది. ఇద్దరూ తాడ్వాయిలో ఎవరిదో పెళ్లి ముచ్చట మొదలుపెట్టి ఒక్క క్షణం ఆపలేదు. వెన్న ముద్దలు ముద్దలుగా తేలింది.

"మరి మీరు మాట్లాడితే ఏం గాలేదు?" అన్నాను.

అత్తమ్మ తొణకలేదు. "పెద్దోళ్లు మాట్లాడితే ఎన్న ఇనుకుంట వస్తది."

అప్పటినుంచి ఆదివారాలు వాళ్లిద్దరే చిలికేవారు. పక్క గదిలో పడుకుంటే ఆ ముచ్చట్లకు నాకు భలే నిద్ర పట్టేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. మిక్సీలో మీగడ వేసి మీట నొక్కితే చాలు, వెన్న. తీరిక బోలెడుంది, నిద్రే రాదు. మూతలు పడుతున్న కళ్లతో, పెదాలు బిగబట్టి, లోకంలోని వెన్నంతా తన మౌనం మీదే ఆధారపడిందని నమ్మిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం, వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటాను.